నాలుగు నెగెటివ్‌లు వచ్చినా నిద్ర పట్టడం లేదు

ఈ వారం ఉత్తరం 28 ఏళ్ల యువకుడిది. కోస్తా నుంచి వచ్చి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. పేరు వేయొద్దన్నాడు. గుర్తుపట్టే వివరాలన్నీ నేనూ తీసేశాను. సంగతి ఇది.

ఇటీవలే అతనికి నిశ్చితార్థం అయింది. పెళ్లికి ఇంకా 70 రోజులుంది. ఉత్తరం రాసే నాటికి సరిగ్గా 38 రోజుల కిందట ఆఫీసు పని మీద బెంగళూరు వెళ్లాడు. అక్కడ ఇదివరకు తనతో పనిచేసిన ఒకామెను కలిశాడు. ఇద్దరూ భోజనానికి వెళ్లారు, తాగారు, ఆ రాత్రి ఒకే గదిలో గడిపారు. కండోమ్ వాడలేదు. మర్నాడు వచ్చేశాడు. తర్వాత ఆమె రెండుసార్లు మెసేజ్ పెడితే నంబరు బ్లాక్ చేశాడు.

ఐదో రోజున మూత్రానికి వెళ్తే మంట, లోదుస్తుల మీద పసుపుపచ్చ మరక. అప్పుడతను సొంతూళ్లో ఉన్నాడు. "వేడి చేసిందిరా" అని వాళ్లమ్మ బార్లీ నీళ్లు, సబ్జా గింజలు ఇచ్చింది. తను మెడికల్ షాపులో అడిగి మూడు రోజుల యాంటీబయాటిక్ తెచ్చుకుని వేసుకున్నాడు. మంట తగ్గింది. ఉత్తరంలో ఈ సంగతికి రెండు వాక్యాలే ఇచ్చాడు.

మిగతా ఉత్తరమంతా ఎయిడ్స్ భయమే. 7వ రోజున ఒక ల్యాబ్‌లో, 15వ రోజున మరో ల్యాబ్‌లో, 24వ, 36వ రోజుల్లో ఇంకో రెండు చోట్ల, ప్రతిసారీ వేరే పేరు చెప్పి హెచ్ఐవీ టెస్టు చేయించుకున్నాడు. మొదటి రెండూ కార్డు టెస్టులు, తర్వాతి రెండూ ఫోర్త్ జనరేషన్ అనే రక్తపరీక్షలు. నాలుగూ నెగెటివే. రిపోర్టు చూసిన రెండు రోజులు బాగుంటుందట, మూడో రోజున మళ్లీ మొదలవుతుందట. మూడో ల్యాబ్ వాళ్లు ప్యాకేజీ తీసుకుంటే లాభమంటే తీసుకున్నాడు. అందులో హెర్పిస్ టైప్ 1 ఐజీజీ పాజిటివ్ వచ్చింది. అప్పటినుంచి అద్దం ముందు నాలుక చూసుకోవడం, మెడ కింద, చంకల్లో గడ్డలున్నాయేమోనని నొక్కుకోవడం. పెళ్లి కుదిరిన అమ్మాయి ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నానంటున్నాడు. బెంగళూరు నుంచి వచ్చాక ఆమెను ఒకసారి కలిశాడు, ముద్దు పెట్టుకున్నాడు, అంతకుమించి ఏమీ లేదు.

"నాకేమీ లేదని ఏ రోజుకి ఖాయంగా తెలుస్తుంది? ముద్దుతో ఆమెకు అంటించేశానా? ఈ విషయం ఆమెకు చెప్పాలా? బెంగళూరు ఆవిడ మంచి కుటుంబం నుంచి వచ్చింది, ఆమెకేముంటుందిలే అని ఒక గంట అనిపిస్తుంది. ఒక్క రాత్రికే ఒప్పుకుందంటే ఇంకెంతమందో అని ఇంకో గంట అనిపిస్తుంది. పిచ్చెక్కుతోంది" అని ముగించాడు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నేను డాక్టరును కాను. ప్రభుత్వాసుపత్రిలో హెచ్ఐవీ పరీక్షా కేంద్రంలో, అంటే ఐసీటీసీలో, పన్నెండేళ్లు కౌన్సెలర్‌గా పనిచేసినదాన్ని. మీలాగే చేతిలో నెగెటివ్ రిపోర్టు పట్టుకుని వణికిపోతూ కూర్చున్నవాళ్లను చాలామందిని చూశాను. అందుకే మీరు ఎక్కువ రాసిన దాని గురించి కాకుండా, తక్కువ రాసిన దాని గురించి ముందు మాట్లాడతాను.

ఆ మంట. ఆ పసుపుపచ్చ మరక.

కండోమ్ లేని కలయిక జరిగిన ఐదో రోజున మగవాడికి మూత్రంలో మంట, చీములాంటి మరక కనిపిస్తే డాక్టరుకు మొదట తట్టేది హెచ్ఐవీ కాదు, గనేరియా. సాధారణంగా అది రెండు నుంచి ఏడు రోజుల్లో బయటపడుతుంది. మన పాతవాళ్లు దీన్ని సెగ అనేవారు. సెగ అన్నా వేడే కదా, మీ అమ్మగారు 'వేడి చేసింది' అన్న మాటలో ఆ పాత పేరే ఎక్కడో ఉంది. ఆవిడ తప్పు చెప్పలేదు, ఆవిడకు తెలిసిన కారణం వేరు, అంతే. గనేరియాతో పాటు చాలాసార్లు క్లమీడియా అనే ఇంకొకటి కూడా ఉంటుంది. అది నెమ్మదిగా, ఒకటి నుంచి మూడు వారాల్లో బయటపడుతుంది, చాలామందిలో అసలు బయటపడదు. మీకు వచ్చింది ఇదేనని చూడకుండా ఎవరూ తేల్చలేరు. మామూలు మూత్రనాళ ఇన్ఫెక్షన్ కూడా కావచ్చు. కానీ మీ వయసు మగవాళ్లలో అది అరుదు, పైగా రోజుల లెక్క చాలా దగ్గరగా కుదురుతోంది.

మంట తగ్గింది కాబట్టి పోయిందనుకున్నారు. పోయి ఉండొచ్చు, పోకపోయీ ఉండొచ్చు. మెడికల్ షాపులో ఇచ్చే మూడు రోజుల స్ట్రిప్ గనేరియాకు సరిపోతుందన్న నమ్మకం లేదు. ఎందుకంటే ఆ క్రిమి ఒకదాని తర్వాత ఒకటిగా చాలా యాంటీబయాటిక్స్‌కు లొంగకుండా తయారైంది. సగం మందు పడితే మంట అణిగి, క్రిమి అలాగే ఉండిపోవచ్చు. అప్పుడు మీకు ఏ ఇబ్బందీ ఉండదు, మీ నుంచి ఇంకొకరికి మాత్రం వెళ్తుంది. మీరు 70 రోజుల తర్వాత పెళ్లి చేసుకోబోతున్నారు. నాకు మీ ఉత్తరంలో అన్నిటికన్నా కంగారు పెట్టింది ఇదే. ఆడవాళ్లలో ఈ రెండు జబ్బులూ ఎక్కువగా లక్షణాలు లేకుండానే ఉంటాయి. తెల్లబట్ట కాస్త ఎక్కువైందనో పొత్తికడుపు లాగుతోందనో అనుకుని వదిలేస్తారు. కొందరిలో అది గర్భసంచి నుంచి ట్యూబుల దాకా పాకి, పిల్లలు పుట్టడమే కష్టమవుతుంది. పెళ్లైన రెండేళ్లకు సంతానం కోసం ఆసుపత్రుల చుట్టూ తిరిగే జంటల్లో కొందరి కథ ఇలా మొదలైందే.

మీరు ఇప్పటిదాకా నాలుగుసార్లు రక్తం ఇచ్చారు. ఈ జబ్బు రక్తంలో దొరకదు. మూత్రంలో, మూత్రనాళం నుంచి తీసిన ద్రవంలో దొరుకుతుంది. అక్కడ కూడా మామూలు 'యూరిన్ రొటీన్'లో దాని పేరు రాదు, క్రిమిని పెంచి చూసే మామూలు కల్చర్‌లో కూడా చాలావరకు పెరగదు. గనేరియా, క్లమీడియాకు పీసీఆర్ పరీక్ష, అంటే క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష, అని అడగాలి. ఇంకో చిన్న విషయం, చాలామంది ఇక్కడే పొరబడతారు. మామూలు మూత్ర పరీక్షకు మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టమంటారు. దీనికి అలా కాదు, మొదట వచ్చేదే పట్టాలి, అంతకుముందు కనీసం గంటసేపు మూత్రానికి వెళ్లకుండా ఉండాలి. ప్రైవేటు ల్యాబ్‌లో దీనికి కొన్ని వేలు అవుతుంది. మీరు మందు మింగి నాలుగు వారాలు దాటింది కాబట్టి ఇప్పుడు వచ్చే ఫలితాన్ని నమ్మవచ్చు. మందు వేసుకున్న మూడు, నాలుగు వారాల్లోపు చేస్తే చచ్చిన క్రిముల ముక్కలు కూడా పాజిటివ్ అని చూపించవచ్చు.

లేదంటే చర్మ, సుఖ వ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పండి. ప్రభుత్వాసుపత్రుల్లో 'సురక్ష క్లినిక్' అనే బోర్డు ఉంటుంది, అక్కడ డబ్బు తీసుకోరు. పరీక్ష ఫలితం కోసం ఆగకుండా, లక్షణాలను బట్టి ఈ రెండు జబ్బులకూ కలిపి సరైన మోతాదులో మందు ఇస్తారు. ఈ దారిలో లాభం, వెంటనే వైద్యం అందుతుంది. నష్టం, మీకు ఉన్నది ఏమిటో పేరు తెలియకపోవచ్చు. మీలాంటి మనిషికి పేరు తెలియకపోవడం ఎంత బాధో నాకు తెలుసు. అందుకే కుదిరితే ముందు పరీక్షకు ఇచ్చి, తర్వాత డాక్టరును కలవండి. ఈ వారంలోనే కలవండి. మళ్లీ షాపులో అడిగి మాత్రం వేసుకోవద్దు.

ఇక మీరు నిద్ర మానేసి ఆలోచిస్తున్న హెచ్ఐవీ.

2000ల మొదట్లో మన ఊళ్లలో గోడల మీద, బస్సుల మీద 'పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?' అని రాసి ఉండేది. మీరప్పుడు చిన్నపిల్లవాడు, అయినా ఎక్కడో చూసే ఉంటారు. ఆ ప్రచారం చాలామందిని కాపాడింది, నాకు దాని మీద గౌరవం ఉంది. కానీ ఆ రోజుల నుంచి మనకు సుఖవ్యాధి అంటే ఒకే ఒక్క పేరు మిగిలింది. సెగ, సవాయి లాంటి పాత మాటలు మరుగున పడ్డాయి, ఆ జబ్బులు మాత్రం ఊళ్లోనే ఉన్నాయి. అందుకే మీలాంటి చదువుకున్న కుర్రాడు మంటను వదిలేసి నాలుక చూసుకుంటున్నాడు.

అంకెలు చెబుతాను, భయానికి అంకెలు కొంత పనిచేస్తాయి. మన దేశంలో పెద్దవాళ్లలో హెచ్ఐవీతో జీవిస్తున్నవాళ్లు సుమారు 0.2 శాతం. మన రెండు రాష్ట్రాల్లో అంతకంటే ఎక్కువే. ఒకవేళ ఆమెకు హెచ్ఐవీ ఉండి, మందులు వాడకుండా ఉన్నా, ఒక్క కలయికలో మగవాడికి సోకే అవకాశం 10,000లో 4 వరకు అని లెక్క. గనేరియా లాంటిది ఉంటే అది కొంత పెరుగుతుంది. అంటే మీకు సున్నా అవకాశం అని నేను అనడం లేదు. మీరు ఊహించుకుంటున్నదానికీ ఉన్నదానికీ మధ్య ఎంత దూరముందో చూపిస్తున్నాను.

ఇప్పుడు రోజుల లెక్క. క్రిమి ఒంట్లోకి వచ్చిన రోజుకీ, పరీక్షకు దొరికే రోజుకీ మధ్య ఖాళీని విండో పీరియడ్ అంటారు. మీ 7వ రోజు టెస్టు, 15వ రోజు టెస్టు ఆ ఖాళీలో చేసినవే. అవి ఏ జవాబూ ఇవ్వలేవు, ఆ డబ్బు వృథా. వేలిమీద గుచ్చి చేసే కార్డు టెస్టుకు 90 రోజులు ఆగితేనే ఖాయం. చేతి నరం నుంచి రక్తం తీసి చేసే ఫోర్త్ జనరేషన్ టెస్టు, క్రిమిని ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసే యాంటీబాడీతో పాటు క్రిమి తాలూకు ముక్క అయిన యాంటిజెన్‌ను కూడా వెతుకుతుంది కాబట్టి 18 నుంచి 45 రోజుల మధ్య దొరకపుచ్చుకుంటుంది. మీరు 36వ రోజున చేయించుకున్నది ఈ రకమే. అది నెగెటివ్ అంటే చాలా మంచి కబురు. దాని తర్వాత మిగిలింది చాలా చిన్న అనుమానం. 45వ రోజు దాటాక ఇదే రకం టెస్టు ఒకసారి చేయించుకుంటే హెచ్ఐవీ సంగతి ముగిసిపోతుంది. మీరు ఐసీటీసీకి వెళ్తే వాళ్లు కార్డు టెస్టు చేసి మూడు నెలలకు ఇంకోసారి రమ్మనవచ్చు. అది వాళ్ల పద్ధతి, ఏదో అనుమానించి కాదు. ఒకవేళ ఎక్కడైనా ఒక టెస్టు రియాక్టివ్, అంటే పాజిటివ్ కావచ్చు, అని వచ్చినా అదే తీర్పు కాదు. ఐసీటీసీలో మూడు వేర్వేరు కిట్లతో చూసి, మూడూ ఒకే మాట చెబితేనే పాజిటివ్ అంటారు.

ఇది చదివే వేరేవాళ్ల కోసం ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఇలాంటిది జరిగి ఇంకా 72 గంటలు దాటకపోతే, హెచ్ఐవీ రాకుండా ఆపే మందులున్నాయి. 28 రోజులు వాడాలి. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో అడగాలి, లేదా హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయాలి. మీకు ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది, దాని గురించి పశ్చాత్తాపపడి ఇప్పుడు లాభం లేదు.

మూత్రపరీక్ష కాక మీరు అసలు చేయించుకోని టెస్టులు ఇంకో రెండున్నాయి. ఒకటి సిఫిలిస్. మన సవాయి ఇదే. కలయిక జరిగిన 10 రోజుల నుంచి 90 రోజుల్లోపు ఎప్పుడైనా ఒక పుండు లేస్తుంది. నొప్పి ఉండదు, దానంతటదే మానిపోతుంది, మనిషి మర్చిపోతాడు. జబ్బు మాత్రం లోపల సాగుతుంది. పెళ్లయ్యాక భార్యకు సోకి, గర్భంతో ఉన్నప్పుడు ఉంటే బిడ్డకే ప్రమాదం. వీడీఆర్ఎల్ లేదా ఆర్‌పీఆర్ అనే చవకైన రక్తపరీక్షతో తెలుస్తుంది. ఇప్పుడొకసారి, 90 రోజులకు ఒకసారి చేయించుకోండి. వీడీఆర్ఎల్ ఒక్కోసారి వేరే కారణాలతో కూడా పాజిటివ్ చూపిస్తుంది, అప్పుడు టీపీహెచ్ఏ అనే రెండో పరీక్షతో ఖాయం చేసుకోవాలి. తొలిదశలో ఉంటే ఒక్క రోజు పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో నయమవుతుంది. రెండోది కాలేయానికి వచ్చే హెపటైటిస్ బి. ఇది హెచ్ఐవీ కన్నా సులువుగా అంటుకుంటుంది, దీనికి టీకా ఉంది. హెచ్‌బీఎస్ఏజీ పరీక్ష చేయించుకుని, నెగెటివ్ అయితే మూడు డోసుల టీకా మొదలుపెట్టండి. ఇది బెంగళూరు జరగకపోయినా చేసుకోవాల్సిన పనే.

హెర్పిస్ రిపోర్టు విషయంలో మీ మీద నాకు జాలి వేసింది. ఆ టెస్టు మీకు ఎవరూ చేయకుండా ఉండాల్సింది. చిన్నప్పుడు జ్వరం వచ్చి తగ్గాక పెదవి చివర పేలుతుంది కదా, అది టైప్ 1 హెర్పిస్. 50 ఏళ్లలోపు వాళ్లలో ప్రపంచం మొత్తం మీద ప్రతి ముగ్గురిలో సుమారు ఇద్దరికి ఇది ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఎక్కువమందికి చిన్నతనంలోనే, ఇంట్లోవాళ్ల ముద్దులతో వస్తుంది. ఐజీజీ పాజిటివ్ అంటే ఎప్పుడో ఒకప్పుడు అది ఒంట్లోకి వచ్చిందని మాత్రమే, బెంగళూరులో వచ్చిందని కాదు. పుండ్లు, పొక్కులు లేనివాళ్లకు ఈ రక్తపరీక్ష చేయడాన్ని నిపుణులే సిఫారసు చేయరు. ఆ కాగితం పక్కన పెట్టేయండి.

ముద్దు ప్రశ్నకు కూడా ఇక్కడే చెబుతాను. ముద్దుతో హెచ్ఐవీ రాదు. మీరు చెప్పిన మంట జబ్బు కూడా మామూలుగా ఆ దారిలో వెళ్లేది కాదు. నోట్లో, పెదవి మీద పుండు ఉంటే సిఫిలిస్, పెదవి పేలి ఉంటే హెర్పిస్ అంటవచ్చు. మీకు అలాంటివేమీ లేవని రాశారు. ఆ ముద్దుతో ఆ అమ్మాయికి మీరేమైనా అంటించి ఉండే అవకాశం చాలా తక్కువ. ఆమె ఫోన్ ఎత్తండి.

మీ ఉత్తరంలో మీరు ఇద్దరి గురించి బాధపడ్డారు, మీ గురించి, పెళ్లి కుదిరిన అమ్మాయి గురించి. మూడో మనిషి ఉన్నారు. బెంగళూరు ఆమె. ఆమె గురించి రాసినప్పుడల్లా ఆమె వల్ల మీకేం వచ్చిందనే రాశారు. ఆమెకు ఇప్పుడు ఏమవుతోందో ఒక్కసారి కూడా అడగలేదు. మీకు లక్షణం బయటపడింది కాబట్టి మందు వేసుకోగలిగారు. ఆమెకు బయటపడకపోతే ఆ జబ్బు ఆమెలో అలాగే ఉంటుంది. 'మంచి కుటుంబం' అనే మాట, 'ఇంకెంతమందో' అనే మాట, రెండూ పక్కన పెట్టండి. క్రిమికి కుటుంబం తెలియదు. ఆమె జీవితంలో మీకు ముందు ఒక్కరే ఉన్నా, ఆ ఒక్కరి నుంచి వచ్చి ఉండవచ్చు. మీకే ముందు నుంచి ఉండి ఆమెకు మీ నుంచి వెళ్లి ఉండవచ్చు కూడా. మీ గతం గురించి మీరేమీ రాయలేదు, నేను అడగడం లేదు.

ఆమెకు చెప్పడానికి పెద్ద సంభాషణ అక్కర్లేదు. బ్లాక్ తీసి ఇలా ఒక మెసేజ్ పెట్టవచ్చు: "ఆ తర్వాత నాకు ఇన్ఫెక్షన్ లక్షణాలు వచ్చాయి. టెస్టు చేయించుకుంటున్నాను. నీకు ఏమీ అనిపించకపోయినా ఒకసారి గైనకాలజిస్టుకు చూపించుకో. నిన్ను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. బ్లాక్ చేసినందుకు సారీ." ఆమె కోప్పడవచ్చు. జవాబు ఇవ్వకపోవచ్చు. పెళ్లి సంగతి తెలిస్తే ఇంకా బాధపడవచ్చు. ఇవన్నీ జరగవచ్చని తెలిసే పెట్టండి. అంత ధైర్యం ఇవాళ లేకపోతే, మీ పీసీఆర్ ఫలితం వచ్చాక పెట్టండి. ఆ ఫలితం పాజిటివ్ అయితే మాత్రం ఇంకో ఆలోచన లేదు, ఆమె చికిత్స తీసుకోవడం తప్పనిసరి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. పెళ్లి కుదిరిన అమ్మాయికి చెప్పాలా?

ఇందులో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి, వాటిని విడదీద్దాం. ఒకటి ఆమె ఆరోగ్యం. మీ ఇద్దరి మధ్య ఇంకా శారీరక సంబంధం లేదు కాబట్టి ఇవాళ ఆమెకు ప్రమాదం లేదు. 90వ రోజు సిఫిలిస్ టెస్టు మీ పెళ్లికి 18 రోజుల ముందు వస్తుంది. ఈలోపు గనేరియా, క్లమీడియా చికిత్స, మిగతా పరీక్షలు పూర్తవుతాయి. ఆ తేదీలు తప్పకుండా పాటిస్తే, ఆమెకు ఒక్క జబ్బు కూడా తీసుకెళ్లకుండా పెళ్లి పీటల మీద కూర్చోగలరు. అప్పటిదాకా ఆమెతో కలయిక వద్దు. ఏ కారణం చేతైనా 90వ రోజు ఫలితం రాకపోతే, కండోమ్ లేకుండా వద్దు. ఆమె ఎందుకని అడుగుతుంది, ఆ రోజు చెప్పాల్సి వస్తుంది. తేదీ జారవిడుచుకోవద్దు అంటున్నది ఇందుకే.

రెండోది నిజం చెప్పడం. ఇది రక్తపరీక్ష తేల్చేది కాదు. మీరు నాలుగుసార్లు టెస్టు చేయించుకుని కూడా నిద్రపోలేకపోవడానికి కారణం నాకు ఇక్కడే కనిపించింది. మీరు ల్యాబ్‌ను అడుగుతున్న ప్రశ్న 'నాకు జబ్బు ఉందా' అని కాదు, 'నేను చేసింది మాఫీ అయిందా' అని. ఆ జవాబు ఏ రిపోర్టులోనూ రాదు. అందుకే ప్రతి నెగెటివ్ రెండు రోజుల్లో పాతదైపోతోంది.

చెప్పకపోవడం ఒక దారి. జబ్బులన్నీ తేల్చుకుని, పెళ్లి చేసుకుని, ఇంకెప్పుడూ అలా జరగకుండా చూసుకుంటానని మీకు మీరు మాట ఇచ్చుకోవడం. చాలామంది ఇదే చేస్తారు, అందులో కొందరు ప్రశాంతంగానే బతుకుతారు. మీరు అలాంటి మనిషేనా అన్నది ఆలోచించుకోండి. ఒక్క ఫోన్ కాల్‌నే ఎదుర్కోలేకపోతున్నారు ఇప్పుడు. ఎప్పుడో ఆమెకు ఇంకెవరి ద్వారానో తెలిస్తే జరిగినదానికన్నా దాచినదే పెద్దదవుతుంది.

అంతా ఇవాళే చెప్పేయడం ఇంకో దారి. మీ గుండె బరువు వెంటనే దిగుతుంది. ఆ బరువు ఆమె మీదకు మారుతుంది. ఆమె మొదట అడిగేది 'నీకేమైనా జబ్బు ఉందా' అని. మీ దగ్గర ఇంకా పూర్తి జవాబు లేదు. ఆమె ఏడుస్తూ వాళ్లమ్మకు చెబితే పెద్దవాళ్లు దిగుతారు, మీ అమ్మానాన్నలకు మీ నోటి నుంచి కాకుండా వాళ్ల నోటి నుంచి తెలుస్తుంది. పెళ్లి ఆగిపోవచ్చు. అలా ఆపే హక్కు ఆమెకు ఉంది.

మూడోది, వారం పది రోజుల్లో మూత్రపరీక్ష, 45 రోజుల హెచ్ఐవీ ఫలితాలు వచ్చాక చెప్పడం. అప్పుడు ఏం జరిగిందో, ఏ వైద్యం తీసుకున్నారో, ఇంకా ఏ టెస్టు ఏ తేదీన ఉందో, అన్నీ చెప్పగలుగుతారు. శుభలేఖలు పంచకముందు ఆమెకు ఆలోచించుకునే సమయం కూడా ఉంటుంది. నన్ను అడిగితే నాకు ఇదే న్యాయంగా అనిపిస్తుంది. అయితే ఆ మాట పర్యవసానం భరించేది మీరు, నేను కాదు. కాబట్టి నిర్ణయం మీదే.

కొందరు 'ఇద్దరం పెళ్లికి ముందు హెల్త్ చెకప్ చేయించుకుందాం' అంటారు. మంచి పనే. బ్లడ్ గ్రూపు, తలసీమియా, హెచ్ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి ఇద్దరూ కలిసి చేయించుకోవడం ప్రతి జంటా చేయాల్సిందే. కానీ అది నిజం చెప్పడానికి బదులు కాదు. ఆమెను కూడా అనుమానించి టెస్టుకు తీసుకెళ్లారని రేపు ఆమె అనుకునే ప్రమాదం కూడా ఉంది.

మీ మనసు గురించి ఒక చిన్న మాట. గడ్డలు రోజుకు పదిసార్లు నొక్కితే మామూలు గడ్డలు కూడా నొప్పి పుడతాయి, ఆ నొప్పి చూసి మళ్లీ భయం. ఇవాళే ఫోన్ క్యాలెండర్‌లో రెండే తేదీలు వేసుకోండి, హెచ్ఐవీకి 46వ రోజు, సిఫిలిస్‌కు 90వ రోజు. ఆ రెంటి మధ్య హెచ్ఐవీకి ఇంకో టెస్టు వద్దు. వేరే పేర్లతో కూడా వద్దు. అన్ని రిపోర్టులూ మీ పేరుతో ఉంటేనే డాక్టరు వాటిని వరుసగా చూడగలరు. హెచ్ఐవీ ఫలితం గోప్యంగా ఉంచాలని, అనుమతి లేకుండా టెస్టు చేయకూడదని 2017లో చట్టమే వచ్చింది, 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. 90 రోజుల రిపోర్టు చేతికొచ్చాక కూడా ఇలాగే నాలుక చూసుకుంటూ ఉంటే అప్పుడు చికిత్స కావాల్సింది ఆందోళనకు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. నిద్ర ఇలాగే రాకపోతే 90 రోజులు ఆగకుండా ఇవాళే చేయండి.

ఎవరైనా తెలిసినవాళ్లు చూస్తారేమోనని ప్రభుత్వాసుపత్రికి వెళ్లలేకపోతున్నానని రాశారు. హైదరాబాద్‌లో ఉస్మానియాలోనైనా గాంధీలోనైనా పొద్దున ఓపీ చీటీ రాసేచోట మీ జబ్బు పేరు చెప్పక్కర్లేదు, 'చర్మం ఓపీ' అంటే చాలు. ఆ లైనులో మీ ముందు తామర ఉన్నాయన, మీ వెనక బొల్లి ఉన్న పాప ఉంటారు. మీరెందుకొచ్చారో ఎవరికీ తెలియదు. లోపలికి వెళ్లాక తలుపు వేసి ఉంటుంది. డాక్టరుతో మొదటి మాట 'మూత్రంలో మంట వచ్చింది, అంతకు ఐదు రోజుల ముందు కండోమ్ లేకుండా కలిశాను' అని చెప్పండి. ఆ తర్వాత ఏం అడగాలో ఆయనకు తెలుసు.